ఏముందప్పా, రెండు బోల్టులే కదా!

అంగడి షట్టర్‌తో ఎప్పుడు ప్రమాదం అని అడిగితే, పైకి చుట్టుకొని నెత్తిమీద ఉన్నప్పుడు అంటారు ఎవరైనా. అందులో సగమే నిజం. పూర్తిగా కిందికి దిగి, రెండు పక్కలా తాళాలు పడి, బుద్ధిగా నిలబడిన షట్టర్ జోలికి పోవడం ఇంకా ప్రమాదం. దాని స్ప్రింగు అన్నిటికంటే గట్టిగా బిగుసుకొని ఉండేది అప్పుడే. రాత్రి అంగళ్లు కట్టేశాక హిందూపురం బజారు నిద్రపోయినట్టే కనిపిస్తుంది గానీ, ప్రతి షట్టర్ పైనా ఒక ఉక్కు చుట్ట తెల్లారేదాకా బరువు మోస్తూ మేలుకొనే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే, బేరాలు ముగించుకున్న యజమాని, నాలుగు రోజులుగా మొరాయిస్తున్న షట్టర్ సంగతేదో చూద్దామని నిచ్చెన వేస్తాడు. కింద నిచ్చెన పట్టుకున్న గుమాస్తా జంకితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘‘ఏముందప్పా, రెండు బోల్టులే కదా!’’

ఈ కథనం ఆ రెండు బోల్టుల గురించే.

పైపు కదిలితే పట్టు చిక్కదు

షట్టర్ పైన రేకు పెట్టె ఉంటుంది కదా, బల్లులూ ఉడతలూ కాపురముండేది, దాని లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక ఇనుప పైపు ఉంటుంది. షట్టర్ లేపినప్పుడు ఈ పైపే తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. చేత్తో లేపే మామూలు షట్టర్లలో పైపు తిరగదు. రెండు కొసలా బ్రాకెట్లకు క్లాంపులు వేసి బిగించి ఉంటుంది. తిరిగేవి ఆ పైపు మీద ఎక్కించిన డ్రమ్ములు. ఒక్కో డ్రమ్ము లోపల వెడల్పాటి ఉక్కు పట్టీ చుట్టలు చుట్టుకొని ఉంటుంది. దాని ఒక కొస పైపుకు, రెండో కొస డ్రమ్ముకు తగిలించి ఉంటాయి. షట్టర్‌ను కిందికి లాగిన ప్రతిసారీ, పాతకాలం గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు, ఆ పట్టీ బిగుసుకుంటుంది. మళ్లీ లేపేటప్పుడు ఆ బిగువే మనకు సాయం వస్తుంది.

ఎంత సాయం? పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న షట్టర్ బరువు, రేకు మందాన్ని బట్టి 80 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. ఇంటర్ చదివే పిల్లవాడు దాన్ని ఒంటిచేత్తో లేపి కాలేజీకి పోతున్నాడంటే లేపుతున్నది వాడు కాదు, స్ప్రింగు. వాడు దారి చూపిస్తున్నాడంతే.

ఇప్పుడు ఆ క్లాంపు బోల్టుల దగ్గరికి వద్దాం. షట్టర్ బరువెక్కిందనో, సగంలో నిలవడం లేదనో స్ప్రింగుకు మరో చుట్టు బిగువు ఇవ్వాలనుకుంటారు. పైపును పైపు పానాతో పట్టుకొని, క్లాంపు వదులు చేసి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ బిగించాలి. చెప్పుకోవడానికి నాలుగు మాటలు. కానీ క్లాంపు వదులైన ఆ క్షణం నుంచి, అప్పటిదాకా గోడ మోసిన బిగువంతా పానా పట్టుకున్న మనిషి మణికట్టు మీదికి వస్తుంది. ఒంటి మనిషి, అందులోనూ నిచ్చెన మీద నిలబడినవాడు, దాన్ని ఆపలేడు. పైపు వెనక్కి గిర్రున తిరుగుతుంది. దానికి కరుచుకొని ఉన్న రెండడుగుల పానా కూడా తిరుగుతుంది. దాని దారిలో ఏముంటాయో ఆలోచించండి: వేళ్లు, ముంజేయి, దవడ, కన్ను. మనిషి వెనక్కి పడితే కింద సిమెంటు గచ్చు.

అక్కడితో అయిపోదు. స్ప్రింగు బిగువు పోయిందంటే, ఇందాకటి దాకా ఆరేడు కిలోల్లా తోచిన షట్టర్ అసలు బరువుకు వచ్చేస్తుంది. అది సగం ఎత్తులో ఉండి, ఇంకొకరు దాని కింద నిలబడి ‘కొంచెం ఎడమకు’ అని చెబుతుంటే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు.

తెలిసిన మెకానిక్ ఈ పనిని దించిన షట్టర్ మీద చేయడు. ముందు షట్టర్‌ను పూర్తిగా పైకి చుట్టించి, విడిపోకుండా తాళ్లతో కట్టేస్తాడు. అప్పటికీ స్ప్రింగులో మొదట ఇచ్చిన బిగువు మిగిలే ఉంటుంది గనుక రెండు పానాలు, రెండు జతల చేతులు పెట్టి, ఒకటి పట్టుకుంటే ఒకటి తిప్పుతూ, కొద్దికొద్దిగా బిగువు మారుస్తారు. ఫోన్‌లో మూడు నిమిషాల వీడియో చూసి నేర్చుకున్నవారికి కనిపించనిది ఇదే. వీడియోలో పైపు తిరగడం కనిపిస్తుంది. దాని వెనకున్న బలం కనిపించదు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో వేలాడే స్తంభం దగ్గర గైడ్లు ఒక కథ చెబుతారు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజినీరు, నేలకు ఆనకుండా ఈ స్తంభం ఎలా నిలబడిందో తేల్చుకుందామని దాన్ని కదిలించబోతే పైకప్పంతా కదిలిందట, భయపడి వదిలేశాడట. ఆ ఇంజినీరు చదువుకున్నవాడు గనుక ఎక్కడ ఆపాలో తెలిసింది. స్ప్రింగు అంత వ్యవధి ఇవ్వదు.

మూడు ఊళ్లు, మూడు రకాల తంటాలు

హిందూపురం చింతపండుకూ బెల్లానికీ మిరపకూ పేరుమోసిన మార్కెట్. చింతపండు పులుపు ఇనుముకు పడదు. మూటలు ఆనించే చోట షట్టర్ అడుగు పట్టీ, గైడు చానెళ్ల మొదళ్లు ముందు తుప్పు పడతాయి. దానికి తోడు ఈ ప్రాంతపు ఎర్రదుమ్ము. కరకరమని శబ్దం రాగానే మనవాళ్ల మందు ఒకటే: బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్. ఒక వారం షట్టర్ వెన్నలా జారుతుంది. తర్వాత ఆయిల్‌కు దుమ్ము పట్టి జిగురు ముద్దవుతుంది. షట్టర్ ఒక పక్క పట్టేసి, ఇంకో పక్క దిగి, ఏటవాలుగా ఇరుక్కుంటుంది. ఆ తర్వాత సుత్తి దిగుతుంది. సుత్తి దెబ్బలతో చానెల్ వంగుతుంది, పట్టీల కొసలు చానెల్లోంచి బయటికొస్తాయి. పది నిమిషాల శుభ్రంతో పోయేదానికి కొత్త షట్టర్ ఖర్చు.

పట్టీల లెక్క మరో తంటా. మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టం పెరుగుతుంది. నీళ్లు లోపలికి రాకుండా అంగడివాళ్లు గడప లేపుతారు. షట్టర్ పొడవు మిగిలిపోతుంది గనుక అడుగున రెండు మూడు పట్టీలు కోసేస్తారు. బరువు తగ్గింది, స్ప్రింగు మాత్రం పాత బరువుకు లెక్కకట్టింది. ఇక చూడండి, తాళం తీయడమే ఆలస్యం, షట్టర్ పైకి ఎగిరిపోతుంది. పిడి పట్టుకున్న వేలు పట్టీల మధ్య నలుగుతుంది. చిన్నపిల్లలు పిడికి వేలాడి ‘లిఫ్టు’ ఆట ఆడుకునే అలవాటు ఉన్నచోట ఇది ఇంకా చెడ్డది. పిల్లవాడి చేయి చుట్టలోకి పోతే వెనక్కి రావడం కష్టం.

పెనుకొండ తంటా దీనికి తలకిందులు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక ఈ పాత కోట ఊరి ముఖం మారింది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని తెచ్చుకున్న ఊళ్లో ఇప్పుడు కొరియా వంటల హోటళ్లున్నాయి. అద్దె ఇళ్లు లేచాయి, ఇంటి కింద కారు పెట్టుకునే షెడ్లు వచ్చాయి. ద్విచక్ర వాహనాల కోసం పెట్టుకున్న షట్టర్‌ను కారు కోసం వెడల్పు చేయించినప్పుడు, పాత పైపుకే అతుకు వేసి, పాత స్ప్రింగులే ఉంచేసి, రేకు మాత్రం పెంచేస్తుంటారు. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది, పైపు నడుమ వంగుతుంది, స్ప్రింగు డ్రమ్ముల సంఖ్య కూడా పెరగాలి. ఒక కొలత దాటిన షట్టర్‌ను చేత్తో లేపకూడదు, గేరు పెట్టి గొలుసుతో లేపాలి. రోలింగ్ షట్టర్లకు భారత ప్రమాణాల సంస్థ ఏనాడో ఐఎస్ 6248 పేరుతో ప్రమాణం రాసి పెట్టింది. షెడ్డు కట్టించేవారిలో ఎంతమంది ఆ నంబరు అడుగుతారు?

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో యంత్రం బాగుచేసేముందు కరెంటు తీసేసి, తాళం వేసి, చీటీ తగిలించడం పద్ధతి. కరెంటు ఒక్కటే కాదు, స్ప్రింగులో, గాలి గొట్టంలో, వేలాడే బరువులో దాగిన శక్తిని కూడా ముందు ఖాళీ చేయాలని ఆ పద్ధతి చెబుతుంది. అమెరికాలో 1989లో దీన్ని నిబంధనగా రాశారు. మన దగ్గర కూడా పెద్ద కర్మాగారాల్లో నేర్పిస్తారు. షిఫ్టులో ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన మనిషి, ఆదివారం ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మీద బల్ల వేసుకొని షట్టర్ క్లాంపు విప్పుతాడు. ఇల్లు కదా, ఏమవుతుందిలే అనుకుంటాడు. స్ప్రింగుకు ఇల్లూ ఫ్యాక్టరీ తేడా తెలియదు.

ధర్మవరంలో అసలు శత్రువు తొందర. శ్రావణం వస్తోందంటే, పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యాయంటే పట్టుచీరల అంగడి ఒక్క పూట మూతపడినా నష్టమే. ఉదయం బస్సు దిగి వచ్చిన పెళ్లివారు తెరుచుకోని షట్టర్ ముందు ఎంతసేపు నిలబడతారు? పక్క అంగడికి పోతారు. అందుకే విరిగిన స్ప్రింగు మార్చకుండా, పక్క వీధి వెల్డింగ్ షాపు నుంచి ఒకరిని పిలిచి అతికించేస్తుంటారు. ఉక్కు స్ప్రింగుకు ఆ పటుత్వం వేడి చేసి చల్లార్చడంలో వస్తుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనే ఆ పటుత్వం చచ్చిపోతుంది. అతికిన చోటు నిలబడినా దాని పక్కన ఇవాళ కాకపోతే రేపు పుటుక్కున తెగుతుంది. పైగా చీరల పెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు, అట్టలు నిండిన చోట నిప్పురవ్వలు రాల్చే పని.

డాలస్‌లోనూ అదే ధైర్యం

మన అనంతపురం ప్రాంతం నుంచి అమెరికాలోని డాలస్ లాంటి ఊళ్లకు వెళ్లినవారికి షట్టర్ లేదు గానీ గరాజ్ తలుపు ఉంది. తలుపు మీద గోడకు అడ్డంగా ఉండే టోర్షన్ స్ప్రింగు చేసేది మన షట్టర్ స్ప్రింగు పనే. రెండు కార్ల గరాజ్ తలుపు కూడా 70, 80 కిలోలకు తక్కువుండదు. మామూలు స్ప్రింగును సుమారు 10 వేల సార్లు తెరిచి మూయడానికి సరిపడేలా తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు తలుపు తీసే ఇంట్లో ఏడేళ్లకు దాని ఆయువు తీరుతుంది. ఒక రాత్రి తుపాకీ పేలినట్టు శబ్దం, పొద్దున కారు లోపల, తలుపు కదలదు. మెకానిక్ వందల డాలర్లు అడుగుతాడు, స్ప్రింగు ఆన్‌లైన్‌లో అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. అనంతపురం నీళ్లు తాగిన మనిషికి ఇంకేం కావాలి?

ఆ స్ప్రింగును తిప్పడానికి కొలతకు సరిపోయే ఉక్కు కడ్డీలు రెండు ఉంటాయి. వాటి బదులు స్క్రూడ్రైవర్ దూర్చడం అక్కడ తరచూ జరిగే పొరపాటు. స్క్రూడ్రైవర్ జారిందంటే మన పైపు పానా కథే. తలుపు అడుగు మూలల్లో తీగ పట్టుకొని ఉండే బ్రాకెట్‌ను మామూలు బందు అనుకొని విప్పడం రెండో పొరపాటు. స్ప్రింగు బిగువంతా ఆ తీగలో ఉంటుంది. అందుకే తయారీదారులు అక్కడ హెచ్చరిక చీటీ అంటిస్తారు.

ఆ దేశాన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. మోటారు గరాజ్ తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోవడంతో 1990లో చట్టం తెచ్చారు. 1993 జనవరి 1 తర్వాత ఇళ్ల కోసం తయారైన ప్రతి మోటారూ, తలుపుకు ఏదైనా అడ్డు తగిలితే రెండు సెకన్లలో వెనక్కి తిరగాలి. నేలకు ఆరంగుళాల లోపు ఎత్తులో కాంతి కన్ను కూడా పెడుతున్నారు, మధ్యలో ఏది వచ్చినా తలుపు ఆగి పైకి పోతుంది. మన ఊళ్లలో ఇప్పుడు రిమోట్ షట్టర్లు జోరుగా వస్తున్నాయి. వాటిని బిగించేటప్పుడు ఆ కన్ను పెట్టమని అడిగేవారు అరుదు, అడగకుండా పెట్టేవారు ఇంకా అరుదు.

రిమోట్ షట్టర్లో ఇంకో మెలిక ఉంది. పక్కన మోటారు పెట్టి గొలుసుతో తిప్పే రకంలో చాలావాటికి స్ప్రింగే ఉండదు. బరువంతా మోటారు బ్రేకూ గొలుసూ మోస్తాయి. కరెంటు లేదు కదా అని గొలుసు విప్పితే, షట్టర్‌ను ఆపేది ఇక ఏదీ లేదు.

కరెంటు మాట వచ్చింది గనుక మామూలు షట్టర్లకూ వర్తించేది ఒకటి. బోర్డు లైటుకు వేసిన వైరు షట్టర్ పెట్టె మీదుగా పోతుంది. పట్టీలు ఒరుసుకొని వైరు తొడుగు పోతే షట్టర్ మొత్తానికీ కరెంటు వస్తుంది. వానాకాలంలో, తడి నేల మీద చెప్పుల్లేకుండా తాళం తీసేవాడికి అది తగులుతుంది. ముట్టుకుంటే చిటచిటలాడే షట్టర్‌ను ‘అప్పుడప్పుడు అంతే’ అని వదిలేయకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరు మార్పించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి.

బాగుచేసేవాళ్ల సంగతి

స్వయంగా ముట్టుకోవద్దు, మెకానిక్‌ను పిలవండి అని రాసి చేతులు దులుపుకోవడం తేలిక. పిలిస్తే వచ్చేదెవరు? మన ఊళ్లలో ఎక్కువగా గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపులవాళ్లే షట్టర్లూ చూస్తారు. వారిలో చేయి తిరిగినవారున్నారు. గురువు దగ్గర చూసి నేర్చుకున్నవారే ఎక్కువ. ఈ పనికి పరీక్ష లేదు, పట్టా లేదు. వాళ్ల వెంట పానాలు మోసుకుంటూ వచ్చే కుర్రాడికి తలకు హెల్మెట్ ఉండదు, కంటికి అద్దాలుండవు, కాళ్లకు రబ్బరు చెప్పులు. షట్టర్ సగం లేపి ‘పట్టుకోరా’ అని కింద నిలబెట్టేది వాడినే. ‘నూరు రూపాయలు తగ్గించు, మా పిల్లోడు సాయం చేస్తాడులే’ అని అంగడి గుమాస్తాను పైకెక్కించే యజమానులూ ఉన్నారు. పనిలో ఉన్నవాడు పనివల్ల గాయపడితే పరిహారం యజమాని బాధ్యత అన్న సూత్రం ఈ దేశంలో 1923 చట్టం నాటిది. తగ్గిన నూరు రూపాయలు ఆ లెక్కలో ఎక్కడికీ రావు.

కాబట్టి పిలిచేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఇద్దరు వస్తారా? స్ప్రింగు అతుకుతారా, మారుస్తారా? ఒంటరిగా వస్తాననేవాడినీ, అతుకుతాననేవాడినీ మర్యాదగా వద్దనండి.

రాత్రి పదికి సగంలో ఆగితే

నిజం చెప్పాలంటే, మనుషులు తెలివితక్కువతనంతో నిచ్చెన ఎక్కరు. రాత్రి పదయింది. షట్టర్ నడుమెత్తులో ఇరుక్కుంది. లోపల గల్లాపెట్టె ఉంది, లక్షల సరుకుంది. మెకానిక్ ఫోన్ ఎత్తడు. అంగడి తెరిచిపెట్టి ఇంటికి ఎలా పోతారు? అందుకే నలుగురూ వేలాడి కిందికి లాగుతారు. ఇరుక్కున్న షట్టర్ వదిలిందంటే ఒక్కసారిగా వదులుతుంది.

ఆ రాత్రికి చేయదగ్గది ఇది. అడుగు పట్టీ కింద రెండు చివరలా గట్టి కర్రో ఇనుప పైపో నిలబెట్టి షట్టర్ దిగకుండా ఆపండి. దాని కింద నుంచి వంగి రాకపోకలు మానండి. నగదు తీసేయండి. సరుకుకు కాపలాగా ఒకరు లోపలికి జరిగి పడుకోనీ, షట్టర్ కింద మాత్రం వద్దు. ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. స్ప్రింగు తెగిన శబ్దం విని షట్టర్ కిందికి పడి ఉంటే, దాన్ని నలుగురు పట్టి లేపి కర్ర పెట్టే సాహసం చేయకండి. వేరే దారి ఉంటే అటే వెళ్లండి, లేకపోతే తెల్లారేదాకా ఆగండి.

దెబ్బ తగలనే తగిలితే 108కి ఫోన్ చేయండి. వేలు తెగిపడితే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసులో పెట్టి మనిషితో పాటే పంపండి. వేలిని నేరుగా ఐసులో పెట్టకూడదు. అతికించే శస్త్రచికిత్సకు గంటలే గడువు.

ఇక అంగడివాళ్లు, షెడ్డువాళ్లు నిర్భయంగా చేసుకోగల పనులు లేకపోలేదు. నేల మీద నిలబడి చేసేవన్నీ మీవే. గైడు చానెళ్లను పొడిగుడ్డతో, బ్రష్షుతో తుడవండి. పాత ఇంజిన్ ఆయిల్ మానేసి పల్చటి నూనె కొద్దిగా రాయండి. షట్టర్‌ను నడుమెత్తుకు లేపి నెమ్మదిగా చేతి పట్టు సడలించి చూడండి, కాళ్లు మాత్రం దాని కిందికి పోనివ్వకండి. అక్కడే నిలిస్తే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారుతున్నా, పైకి లాగుతున్నా, ఒక పక్కకు ఒరిగినా, మునుపటికంటే బరువనిపించినా మెకానిక్‌కు చెప్పాల్సిన సమయం వచ్చినట్టు. చెప్పడం ఆ రోజే చేయండి, తెగేదాకా ఆగితే బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. నిచ్చెన అవసరమైన పని ఏదైనా మీది కాదు.

ఈ మూడు ఊళ్ల వర్తక సంఘాలకు ఒక విన్నపం. దసరాకు ఆయుధపూజ చేసి షట్టర్‌కు కుంకుమ బొట్లు పెట్టే ఆచారం ఎలాగూ ఉంది. ఆ ముందు వారంలో నలుగురు మంచి మెకానిక్‌లను మాట్లాడుకొని, వీధి వీధంతా షట్టర్లు చూపించండి. అందరూ కలిస్తే ఒక్కో అంగడికి పడే ఖర్చు తక్కువే. స్ప్రింగు మార్చిన తేదీ, మార్చినవారి ఫోన్ నంబరు షట్టర్ పక్క గోడ మీద పెయింటుతో రాయించండి.